వెంటిలేటర్‌లో దుప్పటి

కుడికాలిది తన చెప్పు, ఎడమకాలిది పక్క పోర్షన్ హైమావతి వదినది, ఎప్పుడు తొడుక్కుందో ఏమో, ఆటో ఎక్కే తొందరలో ఎవరు చూసుకున్నారు గనక, అని మైమూనా నరసరావుపేట ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని కాళ్ల వంకే చూస్తోంది, రెండూ నీలంవే, వదినది కాస్త అరిగింది, ఆ వదిన లోపల మంచం మీద స్పృహ లేకుండా పడి ఉంది, పొద్దున ఏడింటికి స్నానానికని వెళ్లిన మనిషి ఎంతకీ రాకపోతే వాళ్లాయన గోపాలకృష్ణయ్య తలుపు బద్దలుకొట్టాడు, నీళ్లు పారుతూనే ఉన్నాయి, గీజర్ మండుతూనే ఉంది, ఏడుపు రావాలి గదా, రావట్లేదు, పక్కన ఆయన గొణుగుతున్నాడు, బీపీ మాత్ర ఏసుకోవే అంటే వినదమ్మా, చానా మొండిది, డాక్టరమ్మ పక్షవాతమేమో అంటంది, తలకి స్కానింగ్ తియ్యాలంట, అవునన్నయ్యా, బీపీయే అయ్యుంటది అని తనే అన్నది, నోరు ఎంత సులువుగా తిరిగిందో, ఛీ.

కూతురు షాహీన్ పురుడు పోసుకుని పదిహేను రోజులైంది, బాలింతకి చలిగాలి తగిలితే జన్మంతా నొప్పులేనని అమ్మ చెప్పింది, అమ్మకి వాళ్లమ్మ చెప్పింది, అందుకని కూతురికి నీళ్లు పోసే ముందు బాత్రూం వెంటిలేటర్‌లో పాత దుప్పటి కుక్కుతుంది, అయ్యాక లాగేస్తుంది, రెండు పోర్షన్లకీ ఒకటే బాత్రూం, ఒకటే గ్యాస్ గీజర్, దాన్ని బిగించడానికి వచ్చిన దావూద్ బయటి గోడకి పెడతా ఖాలా అన్నాడు, వద్దులేరా, వానకి తడిసిద్ది అన్నది తనే, అయితే ఈ కంత మాత్రం మూయమాకండి, మంటకి గాలాడకపోతే విషం తయారైద్ది, వాసన కూడా రాదు అన్నాడు, వాసన రాని విషమేందిరా, మేం కట్టెల పొయ్యి మీద కాచుకోలా అని నవ్వింది, నాలుగు రోజుల నుంచీ షాహీన్ తల పగిలిపోతందమ్మా, వాంతొచ్చేట్టుంది అంటూనే ఉంది, పచ్చి బాలింతవి, నీరసంలేవే అని కసిరింది, ఇవాళ నీళ్లు పోయడం అయ్యీకాకముందే గదిలో బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది, తను పరుగెత్తింది, దుప్పటి అక్కడే ఉండిపోయింది, వదిన వెళ్లి గడియ పెట్టుకుంది.

అంతవరకైతే మరుపు అనుకోవచ్చు, కానీ తలుపు విరిగాక అందరూ వదినని మోసుకుపోతుంటే తను వెనక ఉండిపోయి, స్టూలెక్కి, దుప్పటి లాగి, సబ్బునీళ్ల బకెట్లో ముంచేసింది, ఎవరూ చూడలేదు, ఆ వదినే గదా షాహీన్ కోసం పొద్దున్నే వెల్లుల్లి కారం నూరి తెచ్చేది, తిను తల్లీ, పాలు పడతాయి అని దగ్గర కూర్చుని తినిపించేది, డాక్టరమ్మ బయటికొచ్చింది, ఈమధ్య తలనొప్పి అనేవారా అని అడుగుతోంది, లేదండీ అంటున్నాడు ఆయన, ఎప్పుడూ అనలా, మైమూనా పెదాలు కదులుతూనే ఉన్నాయి, పొద్దుట్నించీ ఆగకుండా దువా చేస్తూనే ఉంది, అల్లా, వదిన కళ్లు తెరవాలి, ఇప్పుడే తెరవాలి, డాక్టరమ్మ మళ్లీ లోపలికి తిరిగేలోపే తెరవాలి, ఎందుకంత తొందర, ఎవరి కోసం, వదిన తనంతట తానే లేచి కూర్చుంటే ఇక దుప్పటి సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు, అదీ తను అడుగుతున్నది, వదిన ప్రాణం కాదు, వదిన కోసం ఇంతవరకూ ఒక్క దువా కూడా చేయలేదు తను.

డాక్టరమ్మా, బీపీ కాదమ్మా, గీజర్ గాలి, గాలొచ్చే కంత మూసింది నేనే, అన్నది, గోపాలకృష్ణయ్య వింటుండగానే అన్నది.