నిమ్మరసం పిండిన వంకాయ ముక్క

నా భార్య శేషారత్నం పెద్దకర్మకు భుజంగరావు గారిని నేనే స్వయంగా పిలిచాను.

ఆయన రిటైరైన సైన్సు లెక్చరర్. బందరులో పొద్దున నడకకు వచ్చేవాళ్ళకు విటమిన్ బిళ్ళలు అమ్ముతారు. శేషారత్నం గుండెకు స్టెంటు వేసిన కొత్తలో మా ఇంటికి వచ్చారు. ఆమె వంకాయలు తరుగుతోంది. ఆయన ఒక ముక్క మీద నిమ్మరసం పిండి, మరొకటి ఊరికే వదిలేసి కాసేపు కబుర్లు చెప్పారు. వదిలేసిన ముక్క నల్లబడింది.

"చూశావా చెల్లెమ్మా? నీ రక్తనాళాల్లో జరిగేదీ ఇదే. సి, ఇ విటమిన్లు పడితే ఈ నలుపు పట్టదు. ఆ డాక్టరు బిళ్ళలతోనే నీకీ తొడల నొప్పులు. ఆపెయ్."

వంకాయ నల్లబడటం ఆమె రోజూ చూసేదే. అందుకే నమ్మింది. నాతో చెప్పకుండా మందులు మానేసింది. స్టెంటులో రక్తం గడ్డకట్టింది.

"ఆ విటమిన్లు గుండెజబ్బుకు మందు కాదని పెద్ద పెద్ద పరిశోధనల్లో తేలిందండీ. ఈవిడకెవరు చెప్పారు?" అన్నారు విజయవాడ డాక్టరు.

కర్మకు బంధువులను పిలవడానికి గుడివాడ వెళ్ళినప్పుడు, బస్టాండు ఎదుట మందుల షాపులో భుజంగరావు గారు కనిపించారు. నన్ను చూడలేదు.

"ఎప్పుడూ వాడేవేగా సార్?" అంటూ షాపతను అట్టలు బల్ల మీద పెట్టాడు. శేషారత్నం మానేసిన బిళ్ళలే అవి. బందరులో అన్ని షాపులుండగా ఆయన అక్కడిదాకా ఎందుకు వచ్చారో అర్థమైంది. పలకరించలేదు. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి కర్మకు పిలిచాను.

వచ్చారు. షామియానా కింద బంతిలో కూర్చున్నారు. ఎదుటి వరసలో అవనిగడ్డ నుంచి వచ్చిన మా మరదలు హేమ. ఆమెదీ గుండెజబ్బే. ఆయన మాట మీద ఆమె కూడా మందులు మానేసింది. వేసుకోమని బతిమాలితే, "అక్కకి అలా రాసిపెట్టి ఉంది బావా. అన్నయ్యగారేం చేస్తారు?" అంది.

భుజంగరావు గారు తొందరగా తిన్నారు. చెయ్యి జేబులోకి వెళ్ళింది. దానికోసమే చూస్తున్నాను. శేషారత్నం సగం వాడిన విటమిన్ సీసా తెచ్చి ఆయన విస్తరి పక్కన పెట్టాను.

"ఆ బిళ్ళ మానేసి ఇవి వేసుకోండి. మా ఆవిడవి మిగిలాయి."

"ఏ బిళ్ళ మాస్టారూ?"

"గుప్పిట్లోది. గుడివాడలో కొన్నది."

బంతిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"ఏవండోయ్, మా చేత మాన్పించి తమరు మింగుతున్నారా?" అని ఎవరో నవ్వారు.

ఆయన తల వంచుకుని గొణిగారు. "నాకూ స్టెంటుందండీ. మానితే ప్రమాదమన్నారు."

తరగతిలో గొణిగే పిల్లలతో అనే మాటే అన్నాను. "గట్టిగా చెప్పండి. వెనక వరసకు వినపడాలి."

చెప్పారు.

"మరి ఈ సీసా?"

"అది... గుండెకు పనిచెయ్యదు."

"నాకు కాదు. హేమకు చెప్పండి."

"పనిచెయ్యదమ్మా. నీ మందులు నువ్వు వేసుకో."

హేమ ముద్ద వదిలేసింది. "ఈ మాట మా అక్కకెందుకు చెప్పలేదు?" అంది. తన సంచిలో సీసా తీసి ఎంగిలి విస్తట్లో పడేసింది.

ఆయన లేవబోయారు. మా వైపు బంతిలో చివరి మనిషి తినేదాకా ఎవరూ లేవరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"కూర్చోండి. ఇంకా పెరుగు రాలేదు" అన్నాను.

కూర్చున్నారు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. నేను పెరుగు గిన్నె తీసుకుని వరస మొదటికి వెళ్ళి, ఒక్కొక్కరినీ అడిగి అడిగి వడ్డించడం మొదలుపెట్టాను. నాకు తొందరేమీ లేదు.