వదిన తిప్పిన పావు చుట్టు

మా వదిన చెవికి దొరక్కుండా ఏ ఇంజినూ దగ్గలేదు. నేనూ తప్పించుకోలేదు. ఒకసారి ఆవిడ బాగు చేసి పెట్టిన పెట్రోలు రంపం సైలెన్సర్‌లో బంగాళదుంప ముక్క కుక్కి, ఏమీ ఎరగనట్టు ఓ మూల చైన్‌కి పదును పెట్టుకుంటూ కూర్చున్నాను. వదిన స్టార్టు చేసే తాడు ఒక్కసారి లాగింది. రెండోసారి లాగలేదు. రంపాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, "కూర ఉడికిందేమో చూడు మరిదీ. ఉప్పు చాలకపోతే చెప్పు" అంది.

షాపు మా అన్నయ్యది అని బోర్డు మీద ఉంటుంది గానీ, అది బోర్డు వరకే. ఎక్కడెక్కడివో చచ్చిన చైన్‌సాలు, గడ్డి కోసే మిషన్లు, మందు కొట్టే పంపులు గోనెసంచిలో వేసుకొచ్చి బల్ల మీద పడెయ్యడం ఆయన పని. "ఇదిగో, ఇంకో శవం" అనేసి మళ్లీ బండెక్కి పోతాడు. దానికి ప్రాణం పొయ్యడం వదిన పని. బోల్టులు విప్పడం, ఫిల్టర్లు దులపడం, టీ తేవడం, మిగతా టైమంతా వదినని ఏడిపించడం నా పని. నాలుగింటిలో చివరిదే నేను శ్రద్ధగా చేసేది.

ఆవిడ ట్యూనింగ్ చేస్తుంటే మాత్రం నేను కూడా నోరు మూసుకుంటాను. కార్బురేటర్‌కి ఉండే స్క్రూలు చూస్తే కందిగింజంత ఉంటాయి. వాటిని పావు చుట్టు ఇటు తిప్పితే బతుకు, అటు తిప్పితే చావు. పూర్తి రేసు ఇచ్చినప్పుడు రంపం కొంచెం గురగురలాడాలట, గొంతులో కఫం అడ్డం పడ్డట్టు. దుంగలో దించగానే ఆ గురగుర పోయి గొంతు తేటపడాలట. అలా కాకుండా గాల్లో ఉన్నప్పుడే కీచుమని పాడిందంటే దానికి పెట్రోలు చాలట్లేదన్నమాట. ఈ ఇంజిన్లకి నూనె పెట్రోల్లోనే కలిపి పోస్తారు కాబట్టి, పెట్రోలు చాలకపోతే నూనె కూడా చాలదు. నాలుగు రోజుల్లో పిస్టన్ కాలి పట్టేస్తుంది. జనానికేమో కీచు గొంతే ఇష్టం. "ఇదేంటమ్మా, నీ రంపానికి పడిశం పట్టినట్టుంది" అంటారు. "పడిశం ఉంటేనే నాలుగేళ్లు బతుకుతుంది, పట్టుకెళ్లు" అంటుంది వదిన.

ఆ రోజు మేము షట్టరు ఇంకా సగమే ఎత్తాం. మిగతా సగం కింద నుంచి వంగి చెట్ల మేస్త్రీ లోపలికొచ్చాడు. ఇళ్ల మీదకి, కరెంటు తీగల మీదకి వాలిన చెట్లు కొట్టే మనిషి. పది మంది పనివాళ్లు, ఎనిమిది రంపాలు. ఎనిమిదీ మా షాపులో పుట్టినవే, పుట్టినవంటే మళ్లీ పుట్టినవి. అతని వెనకాలే తోడల్లుడు, చేతిలో పెట్రోలు డబ్బాతో. ఈయన మేస్త్రీ కంటే పెద్దవాడు. పెట్రోల్లో నూనె కలిపేది ఈయనే. ఏదైనా రెండుసార్లు కొలవందే ఊరుకోడు కాబట్టి అందరూ ఆయన్ని 'కొలత' అంటారు.

మేస్త్రీ చేతిలో రంపాన్ని బల్ల మీద దబ్బున పెట్టాడు.

"చూడక్కా నీ చేతి మహిమ! పట్టేసింది. నువ్వు ట్యూనింగ్ చేసి పదిహేను రోజులు కాలేదు. నిన్న కొమ్మ సగంలో ఉండగా ఆగి కూర్చుంది."

వదిన తాడు పట్టుకుని లాగింది. కదల్లేదు.

"తప్పు నీదైతే నీదని చెప్పు. ఎనిమిదీ తీసుకెళ్లి వంతెన అవతల షాపులో ఇచ్చుకుంటా. మావాళ్లు వీటిని పట్టుకుని చెట్లెక్కుతారక్కా. నీ మీద నమ్మకంతో ఎక్కుతారు."

"అబ్బ, ఏం రేసయ్యా!" అన్నాను నేను. "మేస్త్రీకీ ఓ పావు చుట్టు తగ్గించు వదినా."

"నువ్వాగు" అంది వదిన, నా వైపు చూడకుండా.

అప్పుడు చూశాను ఆవిడ మొహం. నేను ఎన్ని వేషాలేసినా చెక్కుచెదరని మొహం, ఆ పూట పాలిపోయి ఉంది. ఎందుకుండదు? మేస్త్రీ వెళ్లిపోతే ఎనిమిది రంపాలు పోవడం కాదు. చెట్ల పని చేసేవాళ్లంతా అతను ఏ షాపు మెట్టెక్కితే ఆ మెట్టే ఎక్కుతారు. పదకొండేళ్లు ఒక్కో ఇంజిన్‌నీ బతికించి సంపాదించుకున్న పేరు, సాయంత్రానికల్లా ఊడ్చుకుపోతుంది.

"ముందు పెట్రోలు చూద్దాం" అంది వదిన. "మరిదీ, ఆ డబ్బాలోంచి కాస్త సీసాలోకి తియ్యి. తీసి కాగితం మీద వెయ్యి."

ఇది మా షాపులో పాత పరీక్షే. కాగితం మీద చుక్క వేస్తే పెట్రోలు గాలికి ఎగిరిపోతుంది. నూనె కలిసి ఉంటే మరక మిగుల్తుంది. మరక లేకపోతే నూనె కలపలేదని అర్థం. అప్పుడు తప్పు రంపం బాగు చేసినవాళ్లది కాదు, పెట్రోలు పోసినవాళ్లది.

వదిన రంపం విప్పడం మొదలుపెట్టింది. మేస్త్రీ ఆవిడ చేతుల వైపు చూస్తున్నాడు, కొలత మేస్త్రీ వైపు చూస్తున్నాడు. నా వైపు ఎవరూ చూడట్లేదు. ఎవరూ చూడకపోతే నా చెయ్యి ఊరుకోదు. బల్ల కింద పిస్టన్లు కడిగే పెట్రోలు ఉంటుంది, నూనె చుక్క కూడా కలపనిది. సీసా అందులో ముంచాను. మేస్త్రీ వాడే నూనెకి రంగుండదు, కాబట్టి సీసాలో తేడా తెలీదు. కాగితం మీద మూడు చుక్కలు వేసి, అందరికీ కనపడేలా కిటికీ దగ్గర పెట్టాను. మా వదినని కాపాడేశానని లోపల్లోపల ఎగిరి గంతేశాను కూడా.

కాగితం ఆరింది. ఉతికి ఆరేసినంత తెల్లగా ఉంది.

మేస్త్రీ దాన్ని తీసుకెళ్లి తోడల్లుడి ముక్కు ముందు ఊపాడు.

"ఏం అన్నయ్యా ఇది? నూనె పొయ్యలేదా?"

"పోశాను" అన్నాడు కొలత.

"మరి మరకేదీ?"

"మరక సంగతి నాకు తెలీదు. రెండు మూతలు పోశాను. పోసేముందు చూశాను, పోశాక చూశాను."

"చూశావు, చూశావు! చూస్తూ రంపం తగలేశావు. రేపట్నుంచి డబ్బా ముట్టకు. ఇంటి దగ్గర కూర్చో."

కొలత డబ్బా నేల మీద పెట్టి, నూనె కొలిచే మూత జేబులోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ నిలబడ్డాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఆ మూతలో వెతుక్కుంటున్నాడు పాపం. నేను కాపాడింది ఒకళ్లని, ముంచింది ఇంకొకళ్లని.

"మేస్త్రీ, ఆయన్ని అనకు. ఇలా రా" అంది వదిన.

సిలిండర్ ఊడదీసి పక్కన పెట్టింది. పిస్టన్ ఒంటరిగా నిలబడి ఉంది. దాని ఒంటి మీద ఒక పక్క, సైలెన్సర్ వైపు, పిల్లి రక్కినట్టు నిలువు గీతలు.

"నూనె లేకపోతే చుట్టూ గీతలు పడాలి. ఇవతలి పక్క చూడు, నున్నగా ఉంది." చూపుడువేలు లోపలికి పోనిచ్చి పిస్టన్ కింద తిరిగే క్రాంక్ ఇరుసు మీద రాసి పైకి తీసింది. వేలు తళతళలాడుతోంది. "ఇదిగో నూనె. ఆయన పోశాడు."

"మరి కాగితం?" అన్నాడు మేస్త్రీ.

వదిన లేచి వెళ్లి, మేస్త్రీ డబ్బా మూత తానే తీసి, పుల్ల ముంచి, కొత్త కాగితం మీద చుక్క వేసింది. నలుగురం చుట్టూ నిలబడ్డాం. చుక్క ఆరింది. నడుమ చందమామలా నూనె మరక తేలింది. మేస్త్రీ, కొలత కాగితాన్ని చూస్తున్నారు. వదిన నన్ను చూస్తోంది.

"సీసాలోది ఎక్కడిది మరిదీ?"

"కడిగే డబ్బాలోది."

"నాకు కాదు. ఆయనకి చెప్పు."

వేషాలెయ్యడంలో నాకున్న అనుభవం ఒప్పుకోవడంలో లేదు. ఎలాగో కొలత ఎదురుగా నిలబడి, సీసాలో పోసింది ఆయన పెట్రోలు కాదని, కావాలనే చేశానని చెప్పాను. కొలత నన్ను పైనుంచి కిందకి, మళ్లీ కిందనుంచి పైకి చూశాడు. రెండుసార్లు.

"ఎన్ని చుక్కలు వేశావు?"

"మూడు."

"ఒకటి సరిపోయేది. రెండు దండగ" అని మూత జేబులో పెట్టుకున్నాడు.

మేస్త్రీ నా కాలరు పట్టుకునేవాడే. ఈలోగా వదిన కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు బూటు లాగి, రెండు బొటనవేళ్లతో వంచింది. పైకి బాగానే కనిపించిన రబ్బరు, మడత దగ్గర పెదవి విడినట్టు విడింది.

"తప్పు నాది మేస్త్రీ" అంది.

ఆ బూటు అతని చేతిలో పెట్టింది.

"పదిహేను రోజుల కింద నువ్వు తెచ్చినప్పుడే ఇది చెయ్యి వదిలి ఊరికే తిరగనిస్తే రేసు పెరిగి తగ్గి, పెరిగి తగ్గి చేస్తోంది. గాలి ఎక్కడో దూరుతోందని నాకు తట్టాలి. తట్టలేదు. స్క్రూ పావు చుట్టు తెరిచి పెట్రోలు ఎక్కువిచ్చా. గొంతు కుదురుకుంది. కుదిరిందని పంపేశా. చీలిక పెద్దదై గాలి ఇంకా దూరి, నేనిచ్చిన ఆ పావు చుట్టు కూడా చాలక కాలిపోయింది. లీకుని బాగు చెయ్యలేదు నేను, కప్పెట్టా."

"ఆ రోజు ఇతను నెత్తి మీద నిలబడి తొందర పెట్టాడు వదినా" అన్నాను నేను, ఇంకా బుద్ధి రాక.

"తొందర అతనిది. చెయ్యి నాది." మేస్త్రీ వైపు తిరిగింది. "మిగతా ఏడూ అదే తయారీ, అదే వయసు. రబ్బరూ అంతే. ఇవాళ ఎవరన్నా చెట్టెక్కారా?"

"ఇద్దరు ఎక్కారు."

"దించు. ఇప్పుడే. ఇలా గాలి దూరితే చెయ్యి వదిలేసినా చైన్ ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. పైన తాడు కట్టుకుని ఉన్నవాడి పక్కన అది తిరక్కూడదు. నువ్వు రంపాలు నాకిస్తావో అవతల ఇస్తావో తర్వాత సంగతి. ముందు మనుషుల్ని దించు."

మేస్త్రీ ఫోను తీసి, బయటికి నడుస్తూనే అరిచాడు. "కిందకి రండి! ఇద్దరూ! కొమ్మ సంగతి తర్వాత, దిగండి!" ఆ అరుపుతోనే బండెక్కాడు. కొలత డబ్బా అందుకుని వెనకాల పరుగెత్తాడు. పోతానని గానీ వస్తానని గానీ ఏమీ చెప్పలేదు.

మధ్యాహ్నం దాకా వదిన కాలిన పిస్టన్ పక్కన పెట్టి, పాత పెట్టెల్లో వెతికి మంచి రబ్బరు బూట్లు ఏరుతూ కూర్చుంది. ఒక్కోటీ వంచి, వెలుతురుకి పట్టుకుని చూసి, అనుమానం ఉన్నది బుట్టలో పారేసింది. ఏడు పోగు చేసింది. వస్తారో రారో తెలీని రంపాలకి.

"పెట్రోలుదే తప్పని ఊరుకుంటే ఈ బాధ లేదుగా" అన్నాను.

"అలా ఊరుకుంటే, రేపు ఏ రంపం గొంతు విన్నా నన్ను నేను నమ్మను" అంది. ఇంజిన్‌ని విప్పి లోపల ఏముందో చెప్పేవాళ్లని చాలామందిని చూశాను. తనని తాను విప్పి బల్ల మీద పెట్టి, ఇదిగో చీలిక ఇక్కడ అని వేలు పెట్టి చూపించిన మనిషిని మాత్రం ఆవిడనే చూశాను.

రెండింటికి బండి వచ్చి ఆగింది. మేస్త్రీ, కొలత చెరో రంపం పట్టుకుని దిగారు. వెనకాల ఇంకో ఐదున్నాయి.

"వంతెన అవతలికి వెళ్లావనుకున్నా" అన్నాను.

"వెళ్లా" అన్నాడు మేస్త్రీ చెమట తుడుచుకుంటూ. "వాడు టీ తాగుతున్నాడు. రంపం పట్టేసిందన్నా. గ్లాసు కింద పెట్టకుండానే, 'ఏముంది, నూనె కలపలేదు నీవాళ్లు' అన్నాడు. కనీసం ఏ రంపం అని కూడా అడగలేదక్కా. బండి తిప్పేశా."

వదిన నవ్వలేదు. మొదటి రంపం అందుకుని రబ్బరు బూటు విప్పి వంచింది. పగలింది. రెండోది బాగుంది. మూడోది మళ్లీ పగలింది. ఏడింటిలో రెండు చీలికలు. అందులో ఒకటి ఆ పొద్దున చెట్టు మీద ఉన్నదే. మేస్త్రీ దాన్ని చేతిలోకి తీసుకుని వంచి చూసి, తోడల్లుడికి ఇచ్చాడు. ఆయన రెండుసార్లు వంచి చూశాడు.

కొత్తవి బిగించాక వదిన ట్యూనింగ్ చేసింది. పెరట్లో దుంగ మీద మేస్త్రీ మొదటి రంపంతో కోత వేశాడు. గాల్లో గురగుర, చెక్కలో తేట. వినడానికి హాయిగా ఉంది. నా చెవికే తెలిసింది ఇక తిరుగులేదని. ఇంకెవరైనా అయితే రంపం చేతికిచ్చి చెయ్యి దులుపుకునేవాళ్లు.

వదిన ఇంజిన్ ఆపింది. చల్లారనిచ్చింది. సైలెన్సర్, కార్బురేటర్ విప్పి, రెండు దారులూ రబ్బరు ముక్కలతో మూసి, ప్లగ్గు కన్నంలో పంపు గొట్టం బిగించింది.

"మరిదీ, బకెట్లో నీళ్లు పట్టుకురా. లోపల గాలి కొట్టి ముంచి చూద్దాం. బుడగ వస్తే చెప్పు."

"ఇంత బాగా పాడుతుంటే ఇంకా ఎందుకు వదినా?"

"ఆ రోజు కూడా బాగానే పాడింది" అంది.

నీళ్లు తెచ్చాను. నలుగురం బకెట్ మీదకి వంగి, బుడగ కోసం చూస్తూ కూర్చున్నాం. ఒక్కటీ రాలేదు. వదిన ఆ రంపం తుడిచి పక్కన పెట్టి, రెండోది అందుకుంది.