తడిసిన నీడ

ఒబ్దులియా పొద్దున్నే కాఫీ తాగి, జుట్టు ముడేసుకుని, నీడను వెంటబెట్టుకుని పనికి బయల్దేరేది. హవానా పాతబస్తీలో గోడ లోపల ఎక్కడో పైపు కారుతోందని అనుమానం వచ్చినవాళ్లు ఆమెకే కబురు పెట్టేవాళ్లు. ఆమె చేసేదల్లా వెలుతురుకు వీపు పెట్టి గోడ ముందు నిలబడటం. లోపల నీళ్లుంటే గోడ మీద పడిన నీడ తడిసిపోయేది. భుజం దగ్గర తడిస్తే భుజమంత ఎత్తున, మోకాలి దగ్గర తడిస్తే అక్కడ సుద్దముక్కతో గీత గీసేది. మేస్త్రీ వచ్చి సరిగ్గా అక్కడే పగలగొట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి నీడను పిండి వసారాలో తీగ మీద ఆరేసేది. "నీ నీడ మా దుప్పట్ల మీద కారుతోంది, కాస్త అటు జరుపు" అని పక్కవాటా వాళ్లు కసిరేవాళ్లు, అంతే.

ఆమె తల్లిదీ అదే పని. ఒబ్దులియా ఈడుకొచ్చాక తల్లి నీడ ఉన్నట్టుండి ఆరిపోయి, కూతురి నీడ తడవడం మొదలైంది. ఆ ఇంట్లో ఎప్పుడూ ఒక్క నీడే తడిసేది.

ఊరందరి గోడలూ చూసే మనిషి, తన గదిలో పడమటి గోడ ముందు మాత్రం నిలబడేది కాదు. భయం. అది ఒకప్పుడు ఎవరో చక్కెర షావుకారు కట్టించుకున్న మేడ, ఇప్పుడు గదికో కుటుంబం. ఎత్తయిన ఆ గదికి మధ్యలో చెక్కలతో అటక వేసుకున్నారు. అటక దూలాలు దిగింది ఆ గోడలోకే, కూతురు మైలెన్ పడుకునేది ఆ అటక మీదే. గోడ మీద తెల్లగా ఉప్పు పూసిన మచ్చ కనబడిన నాటి నుంచి ఒబ్దులియాకు కంటిమీద కునుకు లేదు. మచ్చకు అడ్డంగా బీరువా జరిపింది. గోడ పాడైందని తేలితే ఇల్లు ఖాళీ చేయించి సర్కారు సత్రానికి పంపుతారు. కొన్నాళ్లేనని వెళ్లినవాళ్లు అక్కడే మనవలను కూడా ఎత్తుకున్నారు.

ఇంతలో మైలెన్ పదిహేనో పుట్టినరోజు దగ్గరపడింది. ఆ ఊళ్లో అది పెళ్లంత పండగ. దానికి అద్దె గౌను వేసుకుని ఫొటోలు దిగకపోతే ఆడపిల్లకు తలకొట్టేసినట్టుంటుంది. ఫొటోలకు వెనకాల మచ్చలేని గోడ కావాలి. ఒకరోజు మైలెన్ బడికెళ్లాక ఒబ్దులియా బీరువా పక్కకు లాగి, తలుపు తెరిచి, గుండె చిక్కబట్టుకుని నిలబడింది. నీడను పైనుంచి కింది దాకా తడిమి చూసింది. పొడి. ఎక్కడా చెమ్మ లేదు. ఆమె నేల మీద కూలబడి హాయిగా ఏడ్చింది.

ఆ వారమే మచ్చ గీకించి గులాబీ రంగు ఆయిల్ పెయింటు వేయించింది. తడిగోడకు ఆయిల్ పెయింటు వేస్తే నీరు బయటికి రాలేక లోలోపలే పైకి పాకుతుందని ఊరందరికీ చెప్పింది తనే. పొడిగోడకేం భయం అనుకుంది. పండగ పనుల్లో పడి ఆ తర్వాత ఏ గోడ చూడటానికీ వెళ్లలేదు.

తర్వాత ముసురు పట్టింది. ఆ ఊళ్లో వానకు ఎవరూ భయపడరు. తడిసిన గోడలు ఉబ్బి, ఎలాగో నిలబడే ఉంటాయి. వాన వెలిసి ఎండ కాసినప్పుడు కూలతాయి. ఫొటోల రోజు పొద్దున ఫెళ్లున ఎండ కాసింది.

"అబ్బ, ఏం వెలుతురక్కా! మన కోసమే కాసినట్టుంది" అంటూ ఫొటోగ్రాఫర్ రెనియెర్ తలుపు బార్లా తెరిచాడు.

మేడమీంచి ఎడెల్మిరా మామ్మ కేకేసింది. "ఒసే ఒబ్దులియా, ఎండొచ్చిందే! పిల్లని గెంతొద్దని చెప్పు!"

"ఫొటోలు దిగుతోంది మామ్మా, గెంతట్లేదు."

"సరేలే. కేకులో నీలం క్రీమున్న వైపు నాకు దాచు."

మైలెన్ ఊదారంగు గౌన్లో గోడ ముందు బిగుసుకుని నిలబడింది.

"నవ్వు తల్లీ, సూదేమీ వెయ్యట్లేదు" అన్నాడు రెనియెర్.

"నవ్వు రావట్లేదు. చలేస్తోంది."

"ఈ ఉక్కలో చలేంటే, వేషాలూ నువ్వూ" అంటూ ఒబ్దులియా గౌను అంచు సర్దడానికి వంగింది. గౌను పొడిగానే ఉంది. దాని పక్కన నేల మీద నీళ్లు నిలిచాయి. తలెత్తి చూసింది. గోడ మీద మైలెన్ నీడ నడుము దాకా తడిసి కారుతోంది. పక్కనే తన నీడ, పొడిగా.

ఒబ్దులియాకు అప్పుడు అర్థమైంది. బీరువా లాగిన ఆ రోజు పొడిగా ఉన్నది గోడ కాదు, తను. కూతురింకా చంటిదేననుకుంది.

నోరు తెరిస్తే ఇల్లు పోతుంది. ఈ ఒక్క పూట గడవనిస్తే అని మనసు అననే అంది, పాపిష్ఠి మనసు. అంతలో తడి మైలెన్ నీడ మెడ దాకా ఎక్కింది.

"అమ్మా, ఊపిరాడట్లేదు."

"బయటికి! అందరూ బయటికి! గోడ!" అని అరిచింది ఒబ్దులియా.

ఆ ఊళ్లో ఆ మాట చాలు, ఏమిటని ఎవరూ అడగరు. పిల్లల్ని, ఫ్యాన్లని, కోళ్లని చంకన పెట్టుకుని మేడంతా వీధిలోకి పరిగెత్తింది.

"పొయ్యి మీద చిక్కుళ్లున్నాయే!" అంటూ ఎడెల్మిరా మామ్మ మెట్ల మీద మొరాయించింది.

"కుక్కరుతో సహా రా మామ్మా, నీ కాళ్లు పట్టుకుంటా!"

రెనియెర్ కెమెరా మెడలో వేసుకుని మామ్మను కుక్కరుతో సహా ఎత్తుకొచ్చాడు. కేకు లోపలే ఉండిపోయింది. వాళ్లు వీధి దాటి వెనక్కి తిరిగేసరికి పడమటి గోడ మోకాళ్లు విరిగినట్టు కూలబడింది. అటక దానితోనే పోయింది. దుమ్ము సర్దుకున్నాక గులాబీ పెచ్చుల మధ్య మైలెన్ దిండు కనిపించింది. "నేనే రంగేయించానే తల్లీ, నేనే" అంటూ ఒబ్దులియా కూతుర్ని వాటేసుకుని ఏడ్చింది.

సాయంత్రానికి సత్రంలో ఉన్నారు. పెద్ద హాల్లో దుప్పట్లు అడ్డంకట్టి వాటాలు చేశారు. ఒబ్దులియా మంచం అంచున కూర్చుని, పక్కనున్న గోడనే చూస్తోంది.

"ఇదెలాంటి గోడో. నాకిక తెలియదే" అంది.

మైలెన్ ఇంకా ఆ గౌన్లోనే ఉంది. లేచి, కిటికీలోంచి వచ్చే ఏటవాలు ఎండకు వీపు పెట్టి, అమ్మ నిలబడినట్టే చేతులు ఎడంగా పెట్టి ఆ గోడ ముందు నిలబడింది. చాలాసేపు కదల్లేదు. తర్వాత నీడ అంచు పట్టుకొచ్చి తల్లి అరచేతిలో పెట్టింది. అది పొడిగా, ఎండకు వెచ్చగా ఉంది.

"పడుకో అమ్మా. నేను చూస్తుంటాను."

ఒబ్దులియా ఆ వెచ్చని అంచును గుప్పిట్లో పట్టుకుని, ఎన్నో ఏళ్ల తర్వాత, గోడవైపు వీపు పెట్టి నిద్రపోయింది.