నానమ్మ అడిగిన మాట

ఎదిగే పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య మాటలు ఎందుకు ఆగిపోతాయన్నది యూనివర్సిటీలో జ్యోతిర్మయి చేస్తున్న పరిశోధన. అలాంటి కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె పని. ఆ రోజు తార్నాక నుంచి సిటీబస్సు డ్రైవరు రాంచందర్, ఇంటర్ చదివే కూతురు నవత వచ్చారు.

ఊళ్లో నానమ్మ లచ్చవ్వకు ప్రాణం మీదికొచ్చినప్పుడు నవతకు పరీక్షలు. రాంచందర్ కూతురికి డ్యూటీ ఉందని చెప్పి ఒక్కడే ఊరికి పోయి, ఆమె చనిపోయాక అంత్యక్రియలు చేసి వచ్చాడు. పరీక్షలయ్యాకే సంగతి చెప్పాడు. అప్పటి నుంచి నవత ఆయనతో మాట్లాడడం లేదు.

"పరీక్షలు ఖరాబైతయని చెప్పలే మేడం. జర మీరన్న చెప్పుండ్రి దానికి," అన్నాడు రాంచందర్.

"నాతో కాదండీ, నవతతోనే చెప్పండి."

ఆయన కూతురి వైపు తిరిగాడు. నవత కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఏదో ఒకటి సర్దిచెబుదామని జ్యోతిర్మయికి నోటిదాకా వచ్చింది, ఆపుకుంది.

"బిడ్డా, నీకింకోటి చెప్పలే," అన్నాడాయన చివరికి. "అవ్వ నిన్నే అడిగింది. పిల్ల రాలేదా, పిల్ల రాలేదా అని. వస్తున్నదని అబద్ధం చెప్పిన."

నవత గిర్రున తిరిగింది. "నన్ను అడిగిందా? అయినా చెప్పలేదా? ఒక్క పరీక్ష పోతే ఏమైతుండె డాడీ!"

"తప్పయింది బిడ్డా. ఊరికెంచి వచ్చినంక బస్సు నడుపుతుంటె కండ్లల్ల నీళ్లొచ్చి రోడ్డు కనవడలే. ఇంట్ల నువ్వు సదువుకుంటుంటివి. ముఖం కడుక్కొని లోపటికొచ్చిన."

అంటూనే రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. తండ్రి ఏడవడం నవత ఎప్పుడూ చూడలేదు. లేచి కుర్చీ బరబరా లాగింది. వెళ్లిపోతుందేమోనని జ్యోతిర్మయి భయపడింది. నవత ఆ కుర్చీ తండ్రి పక్కన వేసుకుని కూర్చుంది.

"ఇంకేమన్నది నానమ్మ?"

"పిల్లకు పెరుగెక్కువ ఎయ్యకుండ్రి, సర్ది చేస్తదన్నది."

"గప్పుడు గూడ గదేనా!" నవతకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఆయన భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. జ్యోతిర్మయి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

కొన్ని నెలల తర్వాత తార్నాక మెట్రో స్టేషన్లో జ్యోతిర్మయికి వాళ్లు కనిపించారు.

"బీకాం నాకొద్దు డాడీ!"

"మరేం జదువుతవో చెప్పు, ఇంటున్న గదా!"

పక్కవాళ్లు తిరిగి చూస్తున్నారు. ఇద్దరికీ పట్టలేదు. రైలొచ్చింది. పలకరిస్తే ఆ పోట్లాట ఎక్కడ ఆగిపోతుందోనని జ్యోతిర్మయి వేరే పెట్టె ఎక్కింది.