ఎడమవైపు సిరాబుడ్డి

నా రాతబల్లను కాలవ గట్టు మీది బంగళాకు పంపించిన రోజున మా వారు దాని మీది పుస్తకాలను తామే తీసి, మంచం మీద వరసగా పేర్చారు. ఇంట్లో ఒక వస్తువును ఆయన చేత్తో తీసి ఇంకోచోట పెట్టడం నేను అంతకు ముందు చూడలేదు.

"నాలుగు రోజుల ముచ్చటే మాణిక్యం. ప్రారంభం నాడు గదులు బోసిగా ఉంటే ఏం బాగుంటుంది చెప్పు?" అన్నారు.

"తరవాత తెచ్చేస్తారుగా?"

"తేకేం! అది మనదేగా."

బండివాడు బల్లను తలకిందులుగా ఎక్కించి తాడు బిగించాడు. వీధి మలుపు తిరిగేదాకా దాని నాలుగు కాళ్లూ పైకి కనిపిస్తూనే ఉన్నాయి.

అది స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు. కాలవలు తవ్వించిన రోజుల్లో హాల్డెన్ అనే ఇంజనీరు దొర బెజవాడలో కట్టించుకున్న ఇల్లు ఆ బంగళా. ఆయన తరవాత ఎందరో దొరలు అందులో ఉన్నారు. ఆఖరి దొర ఓడెక్కి వెళ్లిపోగానే సామానంతా వేలంలో పోయింది. గోడలూ, పంకాలు వేలాడిన కొక్కేలూ మిగిలాయి. పడగొట్టి గోదాము కట్టుకుంటామని వర్తకులు తిరుగుతుంటే, మా వారూ ఇంకొందరు పెద్దలూ కలిసి చరిత్ర సమాజం అని ఒకటి పెట్టి, అర్జీల మీద అర్జీలు పంపి దాన్ని దక్కించుకున్నారు. దొర ఉన్ననాడు ఇల్లు ఎలా ఉండేదో అలాగే అమర్చి జనానికి చూపించాలని వారి సంకల్పం. "దొరలు పోయారని మిఠాయిలు పంచి ఏడాది కాలేదు, వాళ్ల మంచాలు చూడటానికి టిక్కెట్టా?" అని కోర్టులో తోటి ప్లీడర్లు ఎగతాళి చేసేవారట. మా వారు లక్ష్యపెట్టలేదు. ఆయనా ప్లీడరే కాని, ఎదురుగా కూచున్న కక్షిదారు మాట కంటె ఎప్పుడో పోయినవాళ్ల సంగతులే ఆయన చెవికి ఎక్కుతాయి.

ఆ బల్ల మా నాన్న చేయించింది. నాన్న వీరభద్రయ్య గారికి బందరులో బట్టల కొట్టు. నేను స్కూలు ఫైనలు పాసై కాలేజీలో చేరినప్పుడు ఆయన వడ్రంగిని ఇంటికి పిలిపించి, నన్ను కుర్చీలో కూచోబెట్టి, మోచేతి ఎత్తు కొలిపించారు. నేను పొట్టిదాన్ని, పాదాలు నేలకు ఆనవు. అందుకని కింద కాళ్లు పెట్టుకోవడానికి ఒక అడ్డకర్ర వేయించారు. పై చెక్కలో సిరాబుడ్డి దిగేందుకు గుంట తొలవబోతూ వడ్రంగి కుడివైపున గీత గీశాడు.

"ఇటు కాదు, అటు," అన్నారు నాన్న.

వడ్రంగి నా వంక చూశాడు. తలుపు చాటునుంచి మా అమ్మ, "ఊరంతా తెలియాలా ఏమిటి?" అంది.

"అటే," అన్నారు నాన్న మళ్లీ.

నాది ఎడమచేతి వాటం. తినడానికీ, వడ్డించడానికీ, బొట్టు పెట్టడానికీ కుడిచేతిని అలవాటు చేశారు. రాత మాత్రం ఆ చేతికి రాలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఒకనాడు చూసి, "వాడి కంట పడేట్టు ఆ చేత్తో రాయకు తల్లీ, లక్ష్మి నిలవదంటారు," అన్నారు. కోపంగా కాదు, మంచిగానే. అప్పటినుంచీ ఆయన కోర్టుకు వెళ్లాకే బల్ల దగ్గర కూచునేదాన్ని. ఆయన వ్యాసాలన్నీ నేనే సాపు రాసిపెట్టేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి కాగితాలు ఆయన కుర్చీ పక్కన సిద్ధంగా ఉండేవి. "మా ఆవిడ దస్తూరీ ముత్యాలు," అని స్నేహితులకు చూపించేవారు. అత్తగారు పోయారు. ఇంట్లో మేమిద్దరమే మిగిలాము. దాచమనేవాళ్లు లేకపోయినా దాచడం అలవాటుగా ఉండిపోయింది.

బంగళా ప్రారంభం అయింది. పండగలూ రెండు వెళ్లాయి. బల్ల రాలేదు. అడిగితే మొదట "రేపు" అనేవారు, తరవాత "చూద్దాం" అనడం మొదలుపెట్టారు. కిటికీ పక్కన బల్ల ఉన్నచోట నాపరాళ్లు మిగతా గదికంటె నల్లగా, నున్నగా కనిపించేవి. అక్కడ ఇంకేమీ పెట్టబుద్ధి కాలేదు. వంటింటి గడపకు వీపు ఆనించి, పీట మీద కాగితం పెట్టుకుని ఆయన వ్యాసాలు సాపు రాశాను. మెడ నొప్పి పుట్టేది. మధ్యాహ్నాలు బాగా పొడుగయ్యాయి.

ఒక ఆదివారం సమాజం వారు మా వసారాలో సమావేశమయ్యారు. ఆమోసు మేష్టారు అధ్యక్షులు, మిషన్ స్కూలులో హెడ్మాస్టరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. హనుమయ్య గారికి బియ్యం మిల్లు ఉంది, సమాజం ఖర్చులన్నీ ఆయనవి. నేను కాఫీ తీసుకుని వెళ్లేసరికి మా వారు కోర్టులో నిలబడ్డట్టే నిలబడి ఉన్నారు.

"అది ఉత్త బల్ల కాదండీ, సాక్ష్యం! కింద అడ్డకర్ర ఉందా? అంటే కూచున్న మనిషి పొట్టి. ఆ కర్ర ఒక పక్కే అరిగింది, అంటే కాలు కుదురుగా ఉంచని మనిషి. ఇక సిరాబుడ్డి గుంట! అది ఎడమవైపు ఉంది. అంటే ఏమిటన్నమాట? హాల్డెన్ దొరసాని ఎడమచేతి వాటం మనిషి!"

"మీ ఇల్లు బంగారం కానూ! సంజీవరావు గారూ, మీరు పోలీసు డిపార్టుమెంటులో ఉండాల్సిందండీ," అన్నారు హనుమయ్య గారు. "ఆవిడ దొరగారిని ఏ చేత్తో కొట్టేదో కూడా తేల్చేశారు."

అందరూ నవ్వారు. నేను కాఫీ గ్లాసులు కుడిచేత్తో అందించాను.

"ఆ బల్ల మీ ఇంటినుంచి వచ్చిందనుకున్నానే?" అన్నారు మేష్టారు.

"మా ఇంటినుంచేనండీ. మా మామగారు బందరులో ఏ దొరల వేలంలోనో పాడి ఉంటారు. హాల్డెన్ కొన్నాళ్లు బందరులో ఉన్నట్టు మనకు కాగితాలున్నాయి. కాకపోతే ఎడమవైపు గుంట తొలిచి మన వడ్రంగి చేసే బల్లేనా అది? మనవాళ్లు ఎవరినైనా ఆ చేత్తో రాయనిస్తారా?"

ఆ చివరి మాటను నేను కాదనలేను.

వాళ్లు వెళ్లాక చెప్పాను. "ఆ బల్ల నాన్న చేయించారండీ. చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను."

"చిన్నదానివి. బాగు చేయిస్తుంటే చూసి ఉంటావు."

"కాలేజీలో చేరేదాన్ని చిన్నదాన్నేమిటండీ?"

"సరే, మరి గుంట ఎడమవైపు ఎందుకు తొలిపించారంటావు?"

నవ్వుతూనే అడిగారు, అవతలి పక్షం సాక్షిని అడిగినట్టు. జవాబు నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషికి ఇది చెబితే తెలియవలసిన సంగతా అనిపించింది. ఎప్పటికైనా తనంతట తాను చూడాలని ఆశ.

"వడ్రంగి పొరపాటేమో," అన్నాను.

"అదీ!" అన్నారు ఆయన తృప్తిగా.

తరవాత సమాజం వారు బంగళా గురించి చిన్న పుస్తకం అచ్చు వేయించబోయారు. అందులోకి ఫొటో కావలసి వచ్చింది. బల్ల ముందు ఒక ఆడమనిషి కూచుంటే దొరసాని ఎంత మనిషో చదివేవాళ్లకు తెలుస్తుందని మా వారి ఊహ. "నువ్వు అచ్చంగా సరిపోతావు. మొహం పడదులే, వెనకనుంచి తీస్తాడు," అన్నారు. జట్కా పిలిచారు. మేమిద్దరం కలిసి ఒక చోటికి వెళ్లి చాలాకాలమైంది. నేను పట్టుచీర కట్టుకున్నాను.

బంగళాలో అడుగు పెట్టడం నాకు అదే మొదలు. మేష్టారూ, హనుమయ్య గారూ మాకంటె ముందే వచ్చి ఉన్నారు. కాలవ నీళ్ల వెలుగు లోపలి కప్పు మీద కదులుతోంది. ఎవరెవరి ఇళ్లనుంచో తెచ్చిన కుర్చీలూ, అద్దాలూ, పింగాణీ పళ్లాలూ తాళ్ల వెనక సర్ది ఉన్నాయి. మూల గదిలో నా బల్ల. దాని మీద పెట్టిన అట్టపై అచ్చు అక్షరాలతో "హాల్డెన్ దొరసాని గారి రాతబల్ల" అని ఉంది. కిటికీ వెలుగు ఎడమనుంచి పడేట్టు పెట్టారు. అలా పెడితే ఎడమచేత్తో రాసేవాళ్లకు చేతి నీడ కాగితం మీద పడుతుంది. అంత పరిశోధన చేసినవాళ్లకు అది తట్టలేదు.

తాడు విప్పి నన్ను కూచోబెట్టారు. పాదాలు వాటంతట అవే అడ్డకర్ర మీద అరిగిన చోటికి పోయాయి.

"కలం ఎడమచేత్తో పట్టుకో," అన్నారు మా వారు. "కొత్తగా ఉంటుంది, వేళ్లు బిగబట్టకు. ఊరికే పట్టుకున్నట్టు నటిస్తే చాలు."

నేను కలాన్ని సిరాలో ముంచి రాశాను. ఆయన కిందటి వ్యాసంలో మొదటి వాక్యం. వారం కిందట నేను సాపు రాసి ఇస్తే ఆయన గట్టిగా చదువుకుని మురిసిపోయిన వాక్యం అది. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి, "కదలకండమ్మా," అన్నాడు. చెయ్యి ఆపాను.

ఫొటో అయ్యాక మా వారు ఆ కాగితాన్ని అందుకున్నారు. దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"అరె!" అన్నారు.

నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.

"ఎడమచేత్తో రాసినా గుండ్రంగానే వచ్చిందే! హనుమయ్య గారూ, చూశారా మా ఆవిడ నటన? నాటకాలవాళ్లు చూస్తే ఎగరేసుకుపోతారు."

"దొరసాని పూనిందండీ బాబూ! కొబ్బరికాయ కొట్టండి," అన్నారు హనుమయ్య గారు.

మా వారు నవ్వుతూ ఆ కాగితంతోనే కలం పాళీ తుడిచి బల్ల మీద పెట్టారు.

మేష్టారు నవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు బంగళా వసారాలో నా పక్కకు వచ్చి, "ఎప్పటినుంచమ్మా?" అని మెల్లగా అడిగారు.

"పలక పట్టినప్పటినుంచి."

"నా బడిలో అలాంటి పిల్లల చేతులు వెనక్కి కట్టించాను, చాలామందివి." అన్నారు, కాలవ వంక చూస్తూ. "సంజీవరావుతో నన్ను చెప్పమంటావా?"

"వద్దండీ."

"పోనీ బల్ల నీది. మేం అడిగి తెచ్చుకున్నాం. కావాల్సిన రోజున బండి తోలించుకుని రా. కావలి శౌరయ్యతో చెప్పి ఉంచుతాను. మీ ఆయనకు జవాబు నేను చెప్పుకుంటా."

పుస్తకం అచ్చయి వచ్చింది. ఫొటోలో నా వీపు, జుట్టు ముడి, ఎడమ మోచెయ్యి పడ్డాయి. కింద దొరసాని పేరు ఉంది. మా వారు ఒక ప్రతిని నా చేతికిచ్చి, "జాగ్రత్తగా దాచు," అన్నారు. ఆ మర్నాడు ఆయన కోర్టుకు వెళ్లగానే బండివాణ్ణి పిలిపించాను.

నన్ను చూడగానే శౌరయ్య లేచాడు. "మేష్టారు గారు చెప్పారమ్మగారూ. లోపల ఎవరో ఉన్నారు, వాళ్లని పంపించేసి ఎక్కిద్దాం," అన్నాడు.

మూల గదిలో ఒక తల్లీ కూతురూ ఉన్నారు. పెడన నేతవాళ్లట. దుర్గమ్మ దర్శనం అయ్యాక రైలు వేళదాకా ఏం చెయ్యాలో తెలియక వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, గుళ్లో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. శౌరయ్య వాళ్లకు పాఠం అప్పజెప్పాడు. దొరసాని ఇంతే ఉండేది, కూచుంటే కాలు ఊపేది, ఉత్తరాలన్నీ ఎడంచేత్తోనే రాసేది.

పిల్ల తాడు కిందనుంచి చెయ్యి చాపి సిరాబుడ్డి గుంటలో వేలు పెట్టింది. ఎడమచెయ్యి. తల్లి చప్పున ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఆ చెయ్యి ముందుకు రాకూడదని!"

"దొరసాని రాసేదంటగా?" అంది పిల్ల. ఏడవలేదు.

తల్లి శౌరయ్య వంక తిరిగింది. "నిజమేనా అయ్యా? అంత గొప్పావిడ, ఈ చేత్తోనా?"

"అచ్చు పుస్తకంలో వేశారు తల్లీ. ఫొటో కూడా ఉంది."

ఆవిడ కూతురి చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ అయ్యతో చెబుదాంలే," అంది చివరకు. "పలక దాంతోనే పట్టుకోనిమ్మని."

నేను నోరు తెరిచి ఆ బల్ల నాది అని ఉంటే? బెజవాడలో ఒక ప్లీడరు గారి భార్య ఎడమచేత్తో రాస్తే ఈ తల్లికి ఏం? వాళ్ల ఊళ్లోనూ ఉండే ఉంటారు అలాంటివాళ్లు, తలుపులు మూసుకుని.

తల్లి చెప్పుల కోసం బయటికి వెళ్లింది. పిల్ల నా దగ్గరే నిలబడి, "మీరు దొరసానిని చూశారా?" అని అడిగింది.

"చూశాను."

"ఎట్టా ఉండేది?"

"ఎక్కువ మాట్లాడేది కాదు. ఎవరూ లేనప్పుడు రాసుకునేది. అడుగుల చప్పుడైతే కలం పెట్టేసేది."

పిల్ల ఆలోచించింది. "ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"ఎందుకు లేరు," అన్నాను. "దొరగారు ఉండేవారు."

వాళ్లు వెళ్లిపోయాక బండివాడు తాడు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఎక్కించమంటారా అమ్మగారూ?"

"బండిలోకి వద్దు," అన్నాను. "నువ్వూ శౌరయ్యా కలిసి దీన్ని ఎత్తి అటు తిప్పి పెట్టండి. వెలుగు కుడివైపునుంచి పడాలి."

ఇద్దరూ ముఖాలు చూసుకుని, బల్లను ఎత్తి తిప్పారు. నేను గుంటలోని దుమ్మును చీర చెంగుతో తుడిచి, తాడు కట్టమన్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా వారు, "ఎవరో ఆ బల్లను తిప్పేశారు, తెలుసా?" అన్నారు. "శౌరయ్యను కేకలేద్దామనుకున్నాను. కాని చూడగా చూడగా అదే సబబుగా ఉంది. దొరసాని అలాగే పెట్టుకుని ఉంటుంది."

"ఉంటుంది," అని మజ్జిగ పోశాను.