పెట్టె తరుగు

విమానం వాళ్లు ఖాళీ పెట్టె బరువు కూడా మనిషి మీదే వేస్తారు. అది అన్యాయం. అందులో రెండో మాట లేదు.

కోడుమూరులో శనక్కాయల మండీలో బతుకంతా కాటా పట్టిన లేవికి ఇంతకంటే తేటగా తెలిసిన సంగతి ఇంకొకటి లేదు. బస్తా కాటాకెక్కితే గోనెసంచి బరువు తీసేసి, లోపలి సరుకుకే లెక్క కడతారు. దాన్ని తరుగు అంటారు. రైతు నోరు కొట్టే వ్యాపారి కూడా గోనెకు శనక్కాయల ధర కట్టడు.

లేవి అల్లుడు జయకుమార్‌ది విత్తనాల అంగడి. ఆ ఏడు పత్తి విత్తనాలు బాగా అమ్మినందుకు కంపెనీ వాళ్లు కొందరు డీలర్లకు ఓడ ప్రయాణం బహుమానంగా ఇచ్చారు. ఓర్వకల్లులో విమానమెక్కి చెన్నైలో దిగాలి. అక్కడి నుంచి సముద్రం మీద షికారు. ఇంటికి నాలుగు టికెట్లు. జయకుమార్, అతని భార్య ప్రసన్నకుమారి, తల్లి ఓబులమ్మ. నాలుగోది మామకు ఇద్దామన్నది ఓబులమ్మే.

భార్య మార్తమ్మ పోయినప్పటి నుంచి లేవి కూతురింటి వెనక వీధిలో ఒంటరిగా ఉంటున్నాడు. పిలిస్తే భోజనానికి వస్తాడు. ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్తాడు.

పెట్టెలు సర్దే రోజు తన కొక్కెం కాటా తీసుకుని తెల్లారే వచ్చాడు.

"పెట్టె పదైదు కేజీలు దాటితే ఎక్కువ దుడ్లు కట్టాలంట నాయనా" అంది ప్రసన్న.

"సరుకు పదైదు. పెట్టె తరుగు పోవాల. నువ్వు సర్దు, తూకం నాది."

ఓబులమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు తడుతోంది. "విమానం వాళ్లకు మన మండీ మర్యాద యాడ తెలుస్తాదన్నా? పెట్టెతో కలిపే తూస్తారేమో."

"వదినా, నువ్వు రొట్టెలు తట్టు. కాటా సంగతి నాకిడ్చిపెట్టు."

"ఇడ్చిపెట్టినాలే. ఓడలో కూడు సరిగ్గ ల్యాకుంటే మాత్రం నా రొట్టెల కాడికే వస్తావు" అని ఆమె నవ్వింది.

లేవి దూలానికి కాటా వేలాడదీసి, ఒక్కో పెట్టెను ముందు ఖాళీగా, తర్వాత నిండుగా తూచాడు. తూచిన పెట్టెకు నైలాన్ తాడు చుట్టి తన ముడి వేశాడు. మండీలో కాటా మనిషి ముడి పడ్డాక బస్తా మీద చెయ్యి వేసేవాడు దొంగ. ఆ ముడి వేలితో లాగితే రాదు. ఎలా విప్పాలో తెలిసినవాడే విప్పాలి.

ఓడలో ఒక రాత్రి పెద్ద విందు ఉంటుందని, మగవాళ్లు కోటూ బూట్లూ వేసుకుని రావాలని జయకుమార్ చెప్పాడు.

"నాకు కోటు ల్యా. ఆ పొద్దు గదిలోనే రొట్టె తింటా" అన్నాడు లేవి.

విమానాశ్రయంలో వరస పొడుగ్గా ఉంది. వెనకాల కోసిగి డీలరు దేవేంద్రప్ప, ఇంకా తెలిసిన మొహాలు. కౌంటరులోని అమ్మాయి పెట్టెలన్నీ మిషను మీద పెట్టించుకుంది.

"సార్, నాలుగూ కలిపి చాలా ఎక్కువున్నాయి. ఎక్కువైన ప్రతి కేజీకి చార్జి కట్టాలి. లేదంటే సామాను తీసెయ్యండి."

లేవి ముందుకు వచ్చాడు. "పెట్టెల తరుగు తీసినావామ్మా?"

"ఏం తియ్యాలి సార్?"

"తరుగు. ఖాళీ పెట్టె బరువు."

ఆ అమ్మాయి పక్క కౌంటరు అమ్మాయి వైపు చూసింది. ఇద్దరూ నవ్వు బిగబట్టుకున్నారు. దేవేంద్రప్ప మాత్రం ఆగలేదు.

"లేవన్నో! ఇది కోడుమూరు మండీ గాదప్పా. రేపు ఓడెక్కినాక సముద్రానికి గూడా ఉప్పు తరుగు తీయమంటావేమో!"

వరసంతా నవ్వింది.

"మామా, గమ్మునుండు. నేను కట్టేస్తా" అన్నాడు జయకుమార్.

ఆ మాట విని ఊరుకున్నా పోయేది. లేవి ఊరుకోలేదు. తన కాటాను చూసి ఊరంతా నవ్వినట్టు ఒళ్లు మండింది. తప్పు ఎక్కడో ఉండాలి, తనలో మాత్రం ఉండకూడదు. అప్పుడు ఓబులమ్మ పెట్టె కనబడింది. దాని తాడుకు ఉన్నది పూలమాలకు వేసే ముడి.

"ఈ ముడి నాది కాదు" అన్నాడు గట్టిగా. "వదినా, నేను తూచినాక దీన్ని విప్పినావా?"

ఓబులమ్మ తల దించుకుంది. "కత్తితో కోసి మళ్లా కట్టినా అన్నా."

"చూస్తిరా! ముడి పడినాక బస్తాలో చెయ్యి పెట్టే దొంగలను శానామందిని చూసినా నేను. ఇంట్లోనే ఉండాదని తెల్లేదు."

"నాయనా, ఆమె మా అత్త" అంది ప్రసన్న. "నేను ఆ ఇంట్లో బతకాల."

"అత్తైతే? తీయమను. ఏం కుక్కిందో అందరూ చూడనీ."

ఓబులమ్మ మోకాళ్ల మీద కూర్చుని పెట్టె తెరిచింది. రొట్టెల మూట, ఊరిబిండి పచ్చడి డబ్బా, ఒకే ఒక్క చీర. సర్దిన రోజు లేవి కళ్లతో చూసిన మిగతా చీరలు లేవు. వాటి జాగాలో నల్ల కోటు, మెరిసేలా తుడిచిన బూట్లు ఉన్నాయి. ఓబులమ్మ భర్త బతికున్నప్పుడు ఆదివారాలు గుడికి వేసుకు వెళ్లిన కోటు అది. లేవి చేతులు పొడుగు. కోటు చేతులు కిందికి దించి కొత్తగా కుట్టి ఉన్నాయి.

"విందు పొద్దు నువ్వొక్కడివే గదిలో కూర్చుంటానంటివి గదా" అంది.

కౌంటరు అమ్మాయి ఆ పెట్టెను విడిగా తూచింది. "ఇది పెట్టెతో కలిపి కూడా సరిగ్గానే ఉంది సార్. అన్నిట్లోకి బరువు ఈ నల్లది."

నల్లది లేవిది. దాని మీది ముడి మాత్రం అచ్చంగా లేవిదే. జయకుమార్‌కు అది విప్పడం రాలేదు. లేవే వంగి విప్పాడు. తువ్వాలు మూట జారి, అందులోంచి ఇనుప తూకపు గుండు నేల మీద పడింది. ఐదు కేజీలది. సర్కారు ముద్ర ఉన్నది. విమానం వాళ్ల మిషను నిజాయితీ పరీక్షించడానికని, అందరి పెట్టెలూ తూచాక ఇంటికి పోయి తన పెట్టె విప్పి పెట్టుకున్నాడు. అది సరుకు కాదు గనుక లెక్కలోకి రాదనుకున్నాడు.

దేవేంద్రప్ప కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

జయకుమార్ ఆ గుండు తీసుకెళ్లి తమను తెచ్చిన కారు డ్రైవరు చేతికిచ్చి వచ్చాడు. మిగిలిన బరువుకు, మామ మొహం చూడకుండా, ఫోనులో చార్జి కట్టాడు. ఓబులమ్మ కోటు మడిచి, బూట్లతో సహా లేవి పెట్టెలో పెట్టింది.

"గుండు తీసినారు గదా. ఇప్పుడు దీనికి జాగా ఉండాది" అంది.

మాటలో కోపం లేదు. ‘అన్నా’ కూడా లేదు.

విందు రాత్రి లేవి ఆ కోటు వేసుకున్నాడు. గదిలో ఉండిపోతే ఆ కుట్టు కుట్టిన చేతిని రెండోసారి కొట్టినట్టవుతుందని వేసుకున్నాడు. భుజాలకు సరిగ్గా సరిపోయింది. పట్టుచీరల ఆడవాళ్ల మధ్య ఓబులమ్మ విమానంలో కట్టుకున్న పాత చీరతోనే కూర్చుంది. లేవి దగ్గరికి వెళ్లి, "వదినా" అన్నాడు.

"కూర్చోండి" అంది ఆమె. పక్కకు జరిగి చోటిచ్చింది. తినే పళ్లెం నుంచి తల ఎత్తలేదు. లేవి కోటు గుండీ పట్టుకుని విందంతా కూర్చున్నాడు. ఏం తిన్నాడో తెలియదు.

కోడుమూరు చేరాక వచ్చిన ఆదివారం, ఆరాధన చివర సంఘపెద్ద గాబ్రియేలు లేచాడు. దూరం పోయి క్షేమంగా తిరిగొచ్చినవాళ్లు నిలబడి సాక్ష్యం చెప్పడం ఆ గుడిలో ఆనవాయితీ.

"లేవన్నా, ఓడెక్కొచ్చినావు. దేవుడు చేసిన మేలు చెప్పు."

లేవి లేచాడు. ఆడవాళ్ల వైపు ఓబులమ్మ చాప అంచు సరిచేసుకుంటోంది. పక్కనే ప్రసన్న తండ్రినే చూస్తోంది. ఒక్క మాట చాలు. క్షమించమని అడగడానికి ఇంతకంటే మంచి చోటు లేదని లేవికి తెలుసు.

"క్షేమంగా పోయొచ్చినాం" అన్నాడు.

"విమానం కాడ ఏందో అయ్యిందంట గదా" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"దాన్ని గురించి ఎవరూ నన్నడగొద్దండి. ఈ పొద్దు చెప్పను. ఎన్నడూ చెప్పను."

కూర్చున్నాడు.