కింది అరలో బీట్‌రూట్ ముక్కలు

మా అమ్మాయి రికార్డు పుస్తకంలో సైన్సు టీచరు ఎర్ర సిరాతో "అబద్ధం" అని రాసింది. సంతకం పెట్టలేదు. సంతకం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరట. పరీక్ష పోతే ఏడాది పోతుంది, ఏడాది పోతే చదువు మీద మనసే పోతుంది, ఆ తర్వాత ఈ పిల్ల గతేమిటి? అమ్మాయితో కలిసి బడికి వెళ్తూ, బస్సులో కూర్చున్నంతసేపూ ఇదే ఆలోచన. భయపడే కొద్దీ కోపం పెరిగింది.

గొడవంతా బీట్‌రూట్ దగ్గర. ఒకే దుంపని బిళ్ళలుగా కోసి, కొన్ని చల్లగా, కొన్ని రకరకాల వేడి నీళ్ళలో ఉంచి, తర్వాత గాజు గొట్టాల్లోని మామూలు నీళ్ళలో వేసి రంగెంత దిగిందో చూడాలి. దుంపలోని ప్రతి కణానికీ పల్చటి పొర ఉంటుందట. బాగా వేడెక్కితే ఆ పొర పాడై ఎరుపు బయటికి కారుతుంది, చల్లగా ఉంటే లోపలే నిలుస్తుంది. మా పిల్లకి చల్లటి ముక్కల నీళ్ళే అన్నిటికన్నా ఎర్రగా వచ్చాయి. చూసింది చూసినట్టు రాసింది. పుస్తకంలో ఉన్నట్టు దిద్దేసి పారెయ్యమని నేనే చెప్పాను. వింటేగా.

ల్యాబులో టీచరు గాజు గొట్టాలు కడుగుతూ తలైనా ఎత్తలేదు. "గొట్టాలు తారుమారు చేసి దొరికిపోయింది. ఇప్పుడు తల్లిని తోడు తెచ్చుకుంది" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా పిల్ల మొండిదే గానీ అబద్ధాలకోరు కాదండీ."

చల్లటి ముక్కలు ఎక్కడ పెట్టావని టీచరు మా పిల్లని అడిగింది.

"ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో, మేడమ్. రాత్రి పెట్టాను, పొద్దున తీశాను."

మా పాత ఫ్రిజ్ కింది అరలో రెండుసార్లు పాలు విరిగాయి. ముక్కలు పాడైపోతాయేమోనని, పిల్ల పడుకున్నాక ఆ డబ్బా తీసి పైన ఐసు గట్టే అరలో పెట్టింది నేనే. అది లేచేలోపు మళ్ళీ కిందికి దించాను. కాసేపటికి ముక్కలు కరిగి మెత్తబడి డబ్బా అడుగున ఎర్రగా చెమర్చితే గుడ్డతో తుడిచాను కూడా.

అంతా చెప్పేశాను. మా అమ్మాయి నన్ను చూసిన చూపు ఇంకా గుచ్చుకుంటోంది. టీచరు మాత్రం నవ్వింది. "గడ్డ కడితే లోపలి నీళ్ళు మంచుముక్కలై పొరని చీల్చేస్తాయమ్మా. కరిగాక రంగు కారక ఏం చేస్తుంది?"

"ఆ సంగతి మీకు తెలుసు కదా. అబద్ధమని రాసే ముందు ఒక్క మాట అడగాల్సింది."

ముక్కలు గడ్డకట్టాయని కింద ఒక వాక్యం రాయమని మా పిల్లకి చెప్పి, టీచరు సంతకానికి కలం తీసింది. నేను కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ముందు ఆ మాట కొట్టెయ్యండి."

అదే ఎర్ర సిరాతో కొట్టేసింది.

గేటు దాటగానే మా అమ్మాయి అంది: "ఇంకోసారి నా డబ్బా ముట్టుకున్నావంటే చూడు."

"తాళం వేసుకో" అన్నాను, దాని కంటే కోపంగా.